కమ్యూనిటీ కాలేజీల గురించీ రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మీ విద్యా పేజీ ఇంజినీరింగ్ ర్యాంకులతో నిండిపోతోంది. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు పని నేర్పి ఆసరా అయ్యే కమ్యూనిటీ కాలేజీల ఊసే ఉండదు. అమెరికాలో ఈ చదువు ఇలినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో 1901లోనే, ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. అక్కడ రెండేళ్లు చదివి, ఆపైన పెద్ద యూనివర్సిటీకి మారే వీలుంది. మన పక్కన పాండిచ్చేరి యూనివర్సిటీ 1995లో ఇలాంటి కాలేజీ పెట్టింది. మరుసటి ఏడాదే చెన్నైలోనూ ఒకటి వచ్చింది.

మా అబ్బాయి పదో తరగతి తప్పి, అలాంటి చోటే ఏసీ మెకానిక్ పని నేర్చుకున్నాడు. మొదట కొన్నాళ్లు పనిముట్ల కంటే మాటకే ఎక్కువ సమయం ఇచ్చారు. కస్టమర్‌తో ఎలా మాట్లాడాలి, బిల్లు ఎలా రాయాలి, పదిమందిలో ఎలా నిలబడాలి అన్నవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం తప్ప నోరు విప్పని పిల్లవాడికి అదే పెద్ద మేలు. తర్వాత రాగి గొట్టం అంచు విప్పార్చి నట్టు బిగించడం, సబ్బు నురగతో గ్యాస్ లీకు పట్టడం, ఆపై షాపులో ఇంటర్న్‌షిప్. పెళ్లితో చదువు మానేసిన ఆడవాళ్లూ అదే ప్రాంగణంలో నర్సింగ్ సహాయం నేర్చుకునేవారు.

ఇంత చేసినా, ఉద్యోగానికి వెళ్తే ఒక కంపెనీవారు ఆ డిప్లొమా చెల్లదన్నారు. ఇల్లంతా ఒకటే టెన్షన్. ఏ కోర్సుకు ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉంది, ఫీజు ఎంత, ఎక్కడ చేరాలి అన్న వివరాలు అడ్మిషన్ల ముందే దయచేసి ప్రచురించండి.

ఇట్లు,
ఒక తల్లి, పెరంబూర్, చెన్నై