బేస్ సాఫ్ట్‌వేర్‌లను పోల్చేటప్పుడు అన్నిటికీ ఒకే మిడి ఫైలు వాడండి

సంపాదకుడు గారికి,

ఇంట్లోనే పాటలు తయారుచేసుకునేవాళ్ల కోసం పత్రికల సాంకేతిక పేజీల్లో బేస్ గిటార్ సాఫ్ట్‌వేర్‌ల పోలికలు వస్తున్నాయి. రావడం మంచిదే. బేస్ వాయించే మనిషి దొరకనివాళ్లకు, గదిలో ఆంప్ (ఆంప్లిఫయర్) పెట్టి మోగించే వీలు లేనివాళ్లకు ఇవే దిక్కు. కానీ వాటిలో చాలావరకు కొనేవాళ్లను పక్కదారి పట్టిస్తున్నాయి. ప్లగిన్ (పాటలు చేసే ప్రోగ్రాములో చేర్చుకునే ఇలాంటి సాఫ్ట్‌వేర్) తెరవగానే వచ్చే ప్రీసెట్‌ను, అంటే కంపెనీ ముందే అమర్చిన శబ్దాన్ని వాయించి, చెవికి ఏది ఇంపుగా ఉంటే దానికి ఎక్కువ స్టార్లు వేస్తున్నారు. ఈ పద్ధతి మార్చమని కోరడానికే ఈ లేఖ.

ప్రీసెట్‌లో మనం వినేది బేస్ ఒక్కదాన్నే కాదు. దాని మీద శబ్దం హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్, కింది పై స్వరాల పాళ్లు మార్చే ఈక్యూ, ఆంప్, ఒక్కోసారి కాస్త డిస్టార్షన్ (కావాలని కలిపే గరుకుదనం) కూడా ఉంటాయి. రెండు ప్లగిన్లలో ఒకటి 2 డెసిబెళ్లు గట్టిగా ఉంటే చాలు, అదే నిండుగా ఉన్నట్టు తోస్తుంది. ఆ నిండుదనం చూసి కొన్నవాళ్లు దాన్ని తమ పాటలో పెట్టి, పైన ఇంకో ఆంప్ సిమ్యులేటర్ వేస్తారు. ఆంప్ మీద ఆంప్ పడేసరికి కింది స్వరాలన్నీ ముద్దయిపోతాయి. అందుకని ప్లగిన్ లోపలి ఎఫెక్టులన్నీ ఆపేసి, తీగ కంపనాన్ని పట్టే పికప్ నుంచి నేరుగా వచ్చే డీఐ శబ్దాన్నే పోల్చాలి. అన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి, తేడా అర డెసిబెల్ దాటకూడదు. ఈ పనికి చెవికి తోచే గట్టిదనాన్ని అంచనా వేసే ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటరు కంటే, సిగ్నల్ సగటు బలాన్ని కొలిచే ఆర్‌ఎంఎస్ మీటరే నయం. ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో బాగా కింది పౌనఃపున్యాలకు విలువ తక్కువ. బేస్‌లో అసలు సరుకు ఉండేది అక్కడే.

ఇక పరీక్షకు ఒకే మిడి ఫైలు (ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా వాయించాలో రాసి ఉండే ఫైలు) ఉండాలి, నిమిషం పొడవున్నా సరిపోతుంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఓపెన్ (వేలు నొక్కని) ‘ఈ’ (E) తీగది, మిడిలో ఆ స్వరం సంఖ్య 28, సుమారు 41 హెర్ట్జ్. నిమిషానికి 100 బీట్ల టెంపోలో ఆ స్వరాన్ని పదహారో నోట్లుగా (బీటుకు నాలుగు చొప్పున) 16 సార్లు, వెలాసిటీ (కీ నొక్కిన బలాన్ని చెప్పే అంకె) 90 దగ్గర కదలకుండా వాయించాలి. ఒక్కో నోటుకు 150 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే స్వరానికి విడివిడిగా రికార్డు చేసిన శాంపిళ్లను మార్చి మార్చి వాయించడాన్ని రౌండ్ రాబిన్ అంటారు. అది లేని ప్లగిన్ ఇక్కడ దొరికిపోతుంది, మోత మెషిన్‌గన్‌లా వస్తుంది. చెవితో తేల్చుకోలేకపోతే ఆడియోగా రెండర్ చేసి, మొదటి నోటునూ రెండో నోటునూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకదాని పొలారిటీ తిప్పాలి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయాలి. రెండూ కలిసి పూర్తిగా నిశ్శబ్దమైతే మోగింది ఒకే శాంపిల్. ఈ తనిఖీకి మాత్రం నోట్ల మధ్య బాగా ఖాళీ వదిలిన కాపీ కావాలి. లేకపోతే ముందు నోటు తోక తర్వాతి దానిలో కలిసి, ఒకే శాంపిల్ అయినా రద్దు కాదు.

అదే స్వరాన్ని వెలాసిటీ 20 నుంచి 120 దాకా పదేసి పెంచుతూ కూడా వినాలి. ఎక్కడో ఒకచోట శబ్దం ఉన్నట్టుండి పదునెక్కితే, అక్కడ ఒక పొర (ఒక స్థాయి బలంతో రికార్డు చేసిన శాంపిళ్లు) అయిపోయి ఇంకో పొర మొదలైందని అర్థం. పొరలు తక్కువైన కొద్దీ ఆ అతుకు బయటపడుతుంది. కొన్ని ప్లగిన్లలో బాగా తక్కువ వెలాసిటీకి డెడ్ నోటు (స్వరం లేని టక్కుమనే చప్పుడు), 120 దాటితే స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టే మోత) పలికేలా అమర్చి ఉంటుంది. అది లోపం కాదు, కానీ సమీక్షలో చెప్పి తీరాలి. చెప్పకపోతే కీ గట్టిగా నొక్కినప్పుడల్లా స్లాప్ ఎందుకు పడుతోందో కొత్తవాళ్లకు బోధపడదు. దీని వెంటనే రెండు నోట్లు 30 మిల్లీసెకన్ల పాటు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఒక జత ఉండాలి. కొన్ని ప్లగిన్లు దాన్ని హ్యామర్ ఆన్‌గా (మళ్లీ మీటకుండా, తీగను వేలితో నొక్కి కొట్టి పలికించే స్వరంగా) తీసుకుంటాయి, కొన్ని రెండు స్వరాలనూ కలిపి మోగించి గందరగోళం చేస్తాయి. చివర్లో పొట్టి నోట్లు, మధ్యలో ఖాళీలు ఉండాలి. తీగ మీద వేలు ఆనించి ఆపిన చప్పుడు వస్తుందా, లేక ఫేడర్ కిందికి దించినట్టు శబ్దం పోతుందా అన్నది అక్కడ తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ సమీక్షలోనూ కనబడనిది, ప్లగిన్ ఏ తీగను ఎంచుకుంటుందన్న విషయం. మిడి సంఖ్య 45ను చూడండి. బేస్ మీద అది నాలుగు చోట్ల ఉంది: ‘జీ’ (G) తీగ 2వ ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత), ‘డీ’ (D) తీగ 7, ‘ఏ’ (A) తీగ 12, ‘ఈ’ (E) తీగ 17. స్వరం ఒకటే అయినా, సన్నని జీ తీగ మీద గణగణలాడుతుంది, లావు ‘ఈ’ తీగ మీద గుండ్రంగా, బరువుగా వచ్చి తొందరగా చచ్చిపోతుంది. ఇప్పుడు 33, 36, 38, 40, 43, 45 అనే వరుసను ఎక్కించి దించండి. మనిషైతే చెయ్యి 5వ ఫ్రెట్ దగ్గరే పెట్టి, ‘ఈ’ తీగ మీద 5, 8, ‘ఏ’ తీగ మీద 5, 7, ‘డీ’ తీగ మీద 5, 7 వాయించేస్తాడు. ధ్వని ఒకే రంగులో సాగుతుంది. చేతి స్థానం ఆలోచించని ప్లగిన్ 33, 38, 43 రాగానే ఓపెన్ తీగలకు దూకుతుంది. నోటు విడిచి నోటు ఒకటి మెరుస్తుంది, ఒకటి మసకబారుతుంది. ఈ చిన్న వరుసలోనే మంచి బేస్ ప్లగిన్‌కూ మామూలు దానికీ తేడా తెలిసిపోతుంది. కీబోర్డు మీద ఎంత ఆర్భాటంగా వాయించి చూపించినా ఇది బయటపడదు.

ఫైలులో కీస్విచ్‌లు ఉండకూడదు. వాయించే తీరు మార్చే ఆ కీలు ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. ఒక ప్లగిన్ కోసం రాసిన కీస్విచ్ ఇంకోదానిలో మామూలు స్వరమై మోగుతుంది. అయిదు తీగల బేస్‌లో కింది ‘బీ’ (B) స్వరం 23 దాకా దిగి, కింది కీలలో పెట్టిన కీస్విచ్‌ల చోటుకు చేరవచ్చు కాబట్టి అక్కడ గొడవ ఇంకా ఎక్కువ. స్వరాలను పేర్లతో కాక సంఖ్యలతో అచ్చువేయండి. సంఖ్య 60ని కొన్ని ప్రోగ్రాములు సీ3 అంటాయి, కొన్ని సీ4 అంటాయి. ఆ తికమకలో ఒక ఆక్టేవ్ పైన వాయించి, ఈ ప్లగిన్‌లో బరువు లేదని తీర్మానించినవాళ్లు ఉన్నారు.

ప్లగిన్లన్నీ ఒకే జాతివి కావు, అన్నిటినీ ఒకే పట్టికలో కుదించడం వాటికే అన్యాయం. స్పెక్ట్రాసోనిక్స్ వారి ట్రిలియన్, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ అమ్మే స్కార్బీ బేస్‌లు శాంపిళ్ల మీద నడుస్తాయి. ట్రిలియన్ లైబ్రరీ 34 జీబీ, అందులో ఎలక్ట్రిక్ బేస్‌తోపాటు నిలువు బేస్, సింథ్ బేస్ కూడా ఉన్నాయి. అంత సైజు చూసి అదే గొప్పదనడం సరికాదు, మీకు కావలసింది ఒక్క వేళ్ల బేస్ అయితే మిగతాదంతా డిస్కులో కూర్చుంటుంది. ఐకే మల్టీమీడియా 2016లో తెచ్చిన మోడో బేస్‌లో తీగ కదలికను లెక్కకట్టి శబ్దం పుట్టిస్తారు. డిస్కు మీద భారం తక్కువ, ప్రాసెసర్ మీద ఎక్కువ. వెలాసిటీ పొరల అతుకులు ఉండవు, తీగల మందం, వాటి పాతదనం, మీటే చోటు మార్చుకోవచ్చు. గబగబా కదిలే లైన్లకు దీన్నే ఎంచుకోమంటాను. సాగదీసిన ఒంటరి నోటు మాత్రం మంచి శాంపిల్‌లోనే ప్రాణంతో వినిపిస్తుంది.

టూన్‌ట్రాక్ 2020లో విడుదల చేసిన ఈజీబేస్, యూజామ్ వర్చువల్ బేసిస్ట్ ప్లగిన్లు, యాపిల్ వారి పాటల ప్రోగ్రాము లాజిక్ ప్రో 11లో వచ్చిన బేస్ ప్లేయర్ వేరే కోవ. ఇవి శబ్దంతోపాటు బేస్ లైన్ (వాయించాల్సిన స్వరాల వరుస) కూడా ఇస్తాయి. ఈజీబేస్‌లో డ్రమ్స్ ట్రాక్ పడేస్తే దానికి తగ్గ బేస్ అల్లిపెడుతుంది. వీటిని శబ్దానికి ఒకసారి, లైన్ కూర్చే తెలివికి ఒకసారి విడిగా చూడాలి.

డబ్బు పెట్టలేనివాళ్ల సంగతి పోలికల్లో చివరి వాక్యానికి దిగజారకూడదు. యాంపుల్ సౌండ్ వారి బేస్ పీ లైట్ ఉచితం. వాయించే తీరులు కొన్నే ఉన్నా పాటను పూర్తి చేయడానికి సరిపోతుంది. ప్లోగ్ వారి స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్‌లో ఎస్‌ఎఫ్‌జెడ్ అనే శాంపిల్ ఫైళ్ల పద్ధతిలో ఉన్న ఉచిత బేస్‌లను వాయించుకోవచ్చు. ఒక హెచ్చరిక కూడా పక్కనే అచ్చు కావాలి: నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఉచిత కాంటాక్ట్ ప్లేయర్‌లో (శాంపిల్ లైబ్రరీలను మోగించే ప్రోగ్రాము) ఆ ప్లేయర్ కోసమే లైసెన్సు తీసుకున్న లైబ్రరీలు మాత్రమే పూర్తిగా పనిచేస్తాయి. మిగతావి 15 నిమిషాల తర్వాత ఆగిపోతాయి, వాటికి పూర్తి కాంటాక్ట్ కొనాల్సిందే. లైబ్రరీ కొన్నాక ఈ సంగతి తెలిస్తే ఖర్చు ఎక్కడికో పోతుంది.

కొనేముందు వాడి చూసే గడువు ఉందా, ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, నెట్ లేని యంత్రంలో అనుమతి ఎలా, అక్కర్లేదనుకుంటే లైసెన్సును ఇంకొకరికి బదిలీ చేయవచ్చా అన్న నాలుగు వివరాలు ప్రతి సమీక్షలోనూ ఉండాలి. సమీక్షకుడికి ఆ ప్లగిన్ ఉచితంగా వచ్చి ఉంటే ఆ మాట వ్యాసం మొదట్లోనే చెప్పాలి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

వినిపించే క్లిప్పులు రెండు రకాలుగా పెట్టండి: బేస్ ఒక్కటే ఒకటి, అదే లైన్ కిక్ డ్రమ్‌తో కలిపి ఇంకోటి. విడిగా గంభీరంగా ఉన్న బేస్ కిక్ వచ్చేసరికి మాయమవడం మామూలే, రెండూ 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఒకే చోటు కోసం తోసుకుంటాయి. ఫోను స్పీకరులో వినేవాళ్లకు 41 హెర్ట్జ్ అసలు చేరదు. 82, 123 హెర్ట్జ్ దగ్గరి అనుస్వరాలను బట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అందుకని పక్కనే హెడ్‌ఫోన్‌తో వినమని ఒక ముక్క రాయండి, క్లిప్పులను 24 బిట్ వేవ్ ఫైళ్లుగా దింపుకోనివ్వండి.

ఆ మిడి ఫైలును కూడా పత్రిక వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో పెట్టమని మనవి. పాఠకుడు తన దగ్గరున్న ప్లగిన్‌లో దాన్ని వాయించి, మీరు వినిపించినదాని పక్కన పెట్టి చూసుకుంటాడు. రేపు కొత్త ప్లగిన్ వచ్చినా అదే ఫైలుతో వినిపిస్తే సరిపోతుంది.

భవదీయుడు,
ఇంటి స్టూడియోలో మిక్సింగ్ పని చేసే ఒక పాఠకుడు