స్టేడియం ఫొటో చూసి సీటు తీసుకుంటారా?

సంపాదకుల వారికి,

అమెరికా చదువుల గురించి మీరు వేసే ప్రత్యేక పేజీల్లో యూనివర్సిటీ పేరు పక్కనే కిటకిటలాడే అమెరికన్ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు) స్టేడియం ఫొటో ఉంటోంది. కన్సల్టెన్సీల ప్రకటనలదీ అదే దారి. స్టేడియం ఎంత పెద్దదైతే చదువు అంత గొప్పదని ఊళ్లో తల్లిదండ్రులు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ఆ లెక్కన, చదువులో పేరున్నా పెద్ద స్టేడియం లేని షికాగో యూనివర్సిటీ ఏ మూలకూ రాదు.

ఒకప్పుడు ఆ ఆటలో దానికి తిరుగులేదు. 1892లో క్లాసులు మొదలైన ఏడాదే అమోస్ అలొంజో స్టాగ్‌ను కోచ్‌గా పెట్టుకున్నారు. నలభై ఏళ్లు జట్టు ఆయన చేతిలోనే ఉంది. 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని మిషిగన్ యూనివర్సిటీ జట్టును 1905లో 2-0తో ఓడించింది ఆయన జట్టే. మేటి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే, ఇప్పుడు హైస్‌మన్ ట్రోఫీ అంటున్న అవార్డును 1935లో మొట్టమొదట అందుకున్న జే బర్వాంగర్ కూడా ఇక్కడి ఆటగాడే.

తర్వాత దశ తిరగబడింది. 1939లో అదే మిషిగన్ 85-0తో చితక్కొట్టింది. ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్‌కు ఈ ఆటంటే చిన్నచూపు. ఆ డిసెంబరులోనే ట్రస్టీలు జట్టును ఎత్తేశారు. గెలుస్తున్న రోజుల్లో అయితే అంత ధైర్యం చేసేవారా అన్నది నా అనుమానం.

ఆట ఆగిన ఆ యూనివర్సిటీ స్టేడియం స్టాగ్ ఫీల్డ్‌లో, పడమటి గ్యాలరీ కింద ఒక ఆటల గది ఉండేది. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం అందులో గ్రాఫైట్ దిమ్మెలు, యురేనియం పేర్చి 1942 డిసెంబరు 2న తొలి నియంత్రిత అణు గొలుసు చర్యను సాధించింది. ఆ గ్యాలరీలు ఇప్పుడు లేవు. ఆ చోట పెద్ద లైబ్రరీ ఉంది. 1969లో జట్టు మళ్లీ వచ్చింది కానీ, ఇప్పుడు ఆడేది ఆట కోసం స్కాలర్‌షిప్పులివ్వని డివిజన్ త్రీలో, అంటే కాలేజీ క్రీడల మూడో శ్రేణిలో.

ఆటలు వద్దనను. కాలేజీ ఫుట్‌బాల్ ఉండే శనివారం వస్తే మా ఇంట్లోనూ టీవీ ముందు నుంచి ఎవరూ లేవరు. కానీ చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు క్రీడల ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజుల్లోనే రాబడతాయి. ఆటంటే ఏమిటో తెలియని పిల్లాడు కూడా లోన్ డబ్బుతో అది కట్టాల్సిందే. పైగా 2025 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు. మొదటి ఏడాది పరిమితే ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2 కోట్ల డాలర్లు.

ఈసారి పేజీ వేసేటప్పుడు స్టేడియం ఫొటో తీసేసి, ఆ చోట ట్యూషన్ కాక కట్టాల్సిన ఫీజులన్నీ వేయండి. రూపాయల్లో వేస్తే మరీ మంచిది.

– ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్