బావ కారు, అక్క వినాయకుడు, ఫోన్ స్టాండు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ లంబూ,

తిట్టకు. నీ మెయిలు వచ్చి ఎన్నాళ్లయిందో నాకూ తెలుసు. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం. అమ్మ మోకాలు నయం, కర్ర లేకుండానే మేడ ఎక్కుతోంది. నా ట్రాన్స్‌ఫర్ ఇంకా గాల్లోనే ఉంది. చిన్నది ఇంటర్ గట్టెక్కింది, మార్కులు అడక్కు. ఎండల గురించి నీకు చెప్పక్కర్లేదు. ఊరి కబుర్లు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నాకు అన్నం అరిగేలా లేదు.

బావ కారు కొన్నాడు. అవును, మన బావే. ‘నాకు స్కూటరు చాలురా’ అంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషి ఆరు ఎయిర్‌బ్యాగులున్న మోడల్ కావాలని పట్టుబట్టి మరీ తీసుకున్నాడు. కారు ఇంటికొచ్చిన రోజే అక్క పూజ చేయించి, డ్యాష్‌బోర్డు మీద ఎడమపక్కన పాలరాతి వినాయకుణ్ణి అతికించేసింది. గుప్పెడంత విగ్రహం, మంచి బరువు. బావ ఏమో యాక్సెసరీస్ షాపుకెళ్లి ఫోన్ స్టాండు పెట్టించుకొచ్చాడు. ఆ కుర్రాడు ముందద్దానికి నట్టనడుమ రబ్బరు కప్పు అంటించి, జానెడు మెడ ఉన్న స్టాండు వేలాడదీసి పంపాడు. ‘లాగి చూడండి సార్, ఊడితే నన్నడగండి’ అన్నాట్ట. ఏసీ షాపులో ఏదైనా గట్టిగానే పడుతుంది మరి.

శ్రీశైలం మొక్కుందని తెల్లవారకుండానే బయల్దేరాం. అక్క, పిల్లలు వెనకాల. నేను ముందు సీట్లో, వినాయకుడి ఎదురుగా. గుంటూరు, నరసరావుపేట హాయిగా దాటేశాం. వినుకొండలో టిఫిన్‌కి ఆగాం. (ఇడ్లీ బాగుంది. పెసరట్టు గురించి రాయను, నీకు తెలుసు ఎందుకో.) చెట్టు నీడ దొరక్క కారు ఎండలో పెట్టాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి లోపల చెయ్యి పెట్టలేకపోయాం. బావ ఫోను మళ్లీ స్టాండుకి తగిలించి, రబ్బరు కప్పుని బొటనవేలితో ఓసారి నొక్కి బండి తీశాడు.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ, ఎనభైలో పోతున్నాం. నా చూపు ఎందుకో ఆ రబ్బరు కప్పు మీద పడింది. ఒక పక్క అంచు కొద్దిగా లేచి ఉంది, కింద వెంట్రుకంత సందు. ఆ సందు మెల్లగా లోపలికి పాకుతోందిరా, కళ్లముందే. ‘బావా, ఇది...’ అన్నానో లేదో, టప్పుమని ఊడింది. స్టాండు, ఫోను కలిసి గేరు రాడ్డుకి కొట్టుకుని బావ కాళ్ల దగ్గర పడ్డాయి. ‘నాలుగు వందల మీటర్ల తర్వాత ఎడమవైపుకు తిరగండి’ అని మ్యాప్‌లో ఆవిడ కిందనుంచి చెబుతూనే ఉంది.

ముందు గేదెలు. ఒకటీ రెండూ కాదు, మంద. బావ బ్రేకు తొక్కాడు. పెడలు సగం దిగి ఆగిపోయింది. ఫోను నిలువుగా పడి దానికింద ఇరుక్కుంది. ‘బ్రేకు దిగట్లేదురా’ అన్నాడు, గొంతు పెంచకుండా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వెనకాల అక్కకి ఏమీ తెలియదు, చిన్నాడికి బత్తాయి ఒలుస్తోంది. నాకు ఆ కాసేపట్లో ఏం గుర్తొచ్చిందంటే... వద్దులే, నువ్వొచ్చినప్పుడు చెప్తా.

బావకి దండం పెట్టాలి. కంగారుపడలేదు. గేరు మూడుకి, రెండుకి దింపాడు, ఇంజను గీపెట్టింది, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ బండిని మట్టి మార్జిన్‌లోకి దింపాడు. ఒక గేదె అద్దంలోంచి నన్ను తీరిగ్గా చూసి వెళ్లిపోయింది. అప్పుడు అక్క, ‘ఏంటి ఆపారు, బాత్రూమా?’ అంది.

ఒరేయ్, ఇద్దరం పది నిమిషాలు ఆ మార్జిన్‌లోనే కూర్చుండిపోయాం. తర్వాత ఫోను నా చేతిలో పెట్టుకుని దోర్నాల దాకా దారి చెప్పుకుంటూ పోయాను. ఘాట్లో సిగ్నల్ ఎటూ లేదు. నీ స్కూటరు మీద మంగళగిరి బయల్దేరి తెనాలి తేలిన రోజు గుర్తొచ్చి, ప్రతి మలుపు దగ్గరా ‘అడిగితే పోయేదేముందిరా’ అని నీ గొంతుతో అంటూనే ఉన్నా. బావ నవ్వలేదు.

ఇప్పుడు అసలు కథ. తిరిగొచ్చాక బావ స్టాండుని చెత్తబుట్టలో పడేసి, నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్‌లో తనకి తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరకి వెళ్లాడు. పెద్దాయన. ముక్కు మీదికి జారిన కళ్లజోడు, చెవిలో టెస్టర్. మా కథ అంతా విని, ‘స్టాండు సంగతి తర్వాత, ముందు ఆ సామిని తియ్యండి’ అన్నాడు.

బావ, నేను మొహాలు చూసుకున్నాం. ఆయన మమ్మల్ని వంగమని, విగ్రహం పక్కనే ప్లాస్టిక్‌లో అచ్చుపోసి ఉన్న అక్షరాలు వేలితో తడిమించాడు. ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్. గుద్దుకున్నప్పుడు ఆ మూత చీల్చుకుని, 50 మిల్లీసెకన్లలోపే సంచీ బయటికొస్తుంది. ఆ మూత మీద ఏముంటే అది, వినాయకుడు గానీ సెంటు సీసా గానీ ఫోను గానీ, ఎడమ సీట్లో మనిషి మొహం మీదికే. అంటే శ్రీశైలం దాకా, శ్రీశైలం నుంచి ఇంటిదాకా, నా మొహం. ‘విఘ్నాలు తీసేవాణ్ణి తీసుకెళ్లి విఘ్నంగా కూర్చోబెట్టారు’ అన్నాడాయన. బావ పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అక్కడి నుంచి మొదలైంది. డ్రైవర్ సీట్లో బావని సీటు ఎప్పుడూ ఉండేచోటే పెట్టి, బెల్టు కట్టించి కూర్చోబెట్టాడు. బెల్టు లేకుండా కొలిస్తే చెయ్యి ఎక్కువ దూరం అందుతున్నట్టు అనిపిస్తుందట. పాత ఫోను డబ్బా అట్ట ఒకటి నా చేతికిచ్చి, తను చెప్పిన చోటల్లా పట్టుకోమన్నాడు. అద్దం నడుమ పట్టుకుంటే ఎదురుగా సైకిలు మీద పోయే మనిషి నడుం పైదంతా మాయం. అద్దం మీద ఎండకి రబ్బరు మెత్తబడుతుంది, రబ్బరుకీ అద్దానికీ మధ్య గాలి చేరుతుంది. పట్టు పోవడానికి అంతకంటే ఏం కావాలి? పైగా ఫోను కూడా మాడుతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటని చోట వాడమని కంపెనీవాళ్లే రాశారు, మన వైశాఖంలో అద్దం దగ్గర ఎంతుంటుందో నువ్వే లెక్కేసుకో.

నేను తెలివిగా కుడిమూల చూపించా. పిల్లర్ (ముందద్దానికీ తలుపుకీ మధ్య నిలువు కమ్మీ) పక్కన, అద్దం కింద. చూపుకి దగ్గర, రోడ్డుకి అడ్డం లేదు అనిపించింది. పెద్దాయన ఏమీ అనకుండా షాపు కుర్రాణ్ణి కుడిపక్క నుంచి రోడ్డు దాటమన్నాడు. పిల్లర్ వెనక్కి వెళ్లినవాడు ఒక్క క్షణంలో బయటికి రావాలి కదా. అట్ట అడ్డం ఉండేసరికి ఇంకా రాడు, ఇంకా రాడు, బావ ‘ఏడీ వాడు?’ అంటుండగా బానెట్ ముందే ప్రత్యక్షం! మలుపు తిరిగేటప్పుడు కుడినుంచి వచ్చే మనిషి ఉండేది సరిగ్గా అక్కడే. ఇంకోటి, పక్క కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగు పైకప్పు అంచులోంచి ఆ పిల్లర్ దాకా విచ్చుకుంటుందట, కాబట్టి ఛార్జింగు వైరు కూడా ఆ ప్లాస్టిక్ సందుల్లో దూర్చకూడదు. నా తెలివి అక్కడితో సరి.

ఏసీ వెంట్‌కి తగిలించేది అడిగాం. ఎండాకాలం ఫోను చల్లగా ఉంటుంది, అది నిజమే. కానీ ఇప్పటి పెద్ద ఫోన్ల బరువుకి ఆ పల్చటి రెక్కలు విరుగుతాయి. ఆయన దగ్గర విరిగిన రెక్కలు ఒక డబ్బా నిండా ఉన్నాయి, గలగలలాడించి చూపించాడు. నడిమి వెంట్ మరీ కిందికుంటే చూపు కూడా దించాలి. స్టీరింగు మధ్యలో బిగించే క్లిప్పు ఒకటుంది కదా, దాని పేరెత్తగానే ఆయన కళ్లజోడు తీసేశాడు. అక్కడ డ్రైవరు ఎయిర్‌బ్యాగు.

చివరికి ఎక్కడ తేలిందంటే, డ్యాష్‌బోర్డు మీదే, స్పీడు మీటరు గూడుకి కాస్త ఎడమపక్కగా, నడిమి వెంట్లకి పైన. అతుకుడు గుండ్రం, రెండంగుళాలకి మించని మెడ, అడుగున ఫోను ఆనడానికి రెండు పళ్లు. మెడ పొడుగైతే గుంటల్లో ఊగి అక్షరాలు కనపడవు. బావ కూర్చుని చూస్తే ఫోను పైఅంచు బానెట్ గీతని దాటకూడదు, అదీ ఆయన కొలత. అతికించే ముందు స్పిరిట్‌తో తుడిచాడు. మెరుపు కోసం మనం పూసే పాలిష్ ఉంటే ఏ జిగురూ నిలవదట. ‘రేపటిదాకా ఫోను పెట్టొద్దు’ అన్నాడు, జిగురు పట్టడానికి. వైరు గేరు దగ్గరికి రాకుండా కన్సోల్ అంచు వెంబడి క్లిప్పులు. మర్నాడు స్టాండు పట్టుకుని కారు మొత్తం ఊగేలా ఊపాడు. ఊడలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పోయినసారి వీడియో కాల్లో నీ కారు చూపిస్తూ, మీ కాలిఫోర్నియాలో అద్దానికి పెట్టాలంటే అంగుళాల లెక్క ఉందిరా అంటే నేను ఎగతాళి చేశా కదా. ప్యాసింజర్ వైపు కిందిమూల ఏడంగుళాల చదరంలో, లేదా డ్రైవర్ వైపు కిందిమూల ఐదంగుళాల చదరంలో, అదీ ఎయిర్‌బ్యాగు విచ్చుకునే చోటు కాకుండా. 2017 నుంచి అక్కడ ఫోనుకీ ఇదే వర్తిస్తుందనీ, ఒక్క నొక్కో ఒక్క జరుపో తప్ప ఎక్కువ ముట్టుకోకూడదనీ అన్నావు. డ్యాష్‌బోర్డు మీదా పెట్టుకోవచ్చన్నావు, చూపుకి అడ్డం రాకుండా. మన దగ్గర అంగుళాలు లేవు. 2020 అక్టోబరు నుంచి రూల్స్‌లో ఒక మాట మాత్రం చేర్చారు: ఫోను దారి చూసుకోవడానికే, అదీ డ్రైవింగు మీద ధ్యాస చెడకుండా. చేత్తో పట్టుకుని మాట్లాడితే మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా పడొచ్చు. ఎక్కడ పెట్టాలో మాత్రం ఆటోనగర్ పెద్దాయనే చెప్పాలి! నాకైతే మీ అంగుళాలే నయమనిపిస్తోంది. షాపు కుర్రాడికి ఏదో ఒక కొలత ఉంటే నట్టనడుమ అంటించేవాడు కాదు కదా.

బావ ఇప్పుడు ఇంట్లోనే ఊరు పేరు కొట్టి, వాయిస్ పెంచి, తర్వాతే తాళం తిప్పుతున్నాడు. ఎనభైలో పోతూ రెండు సెకన్లు ఫోను చూస్తే నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా పోయినట్టే అని ఎవరో చెప్పారట, అది మాకందరికీ చెబుతున్నాడు, భోజనాల దగ్గర కూడా. మా ఆఫీసు కుర్రాడు బులెట్ హ్యాండిల్‌కి ఫోను బిగించుకుంటే వాణ్ణీ వదల్లేదు. పెద్ద ఇంజను అదురుకి ఫోను కెమెరా దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ వాళ్లే చెప్పారు లే, అది చూపిస్తే వాడు కాస్త మెత్తబడి అదురు తగ్గించే రబ్బరు దిమ్మ కొన్నాడు.

అక్క సంగతి అడగవేం? వినాయకుణ్ణి పీకేశారని రెండు రోజులు మాతో మాటల్లేవు. ‘మీ ఫోనుకి చోటుంది, దేవుడికి లేదా’ అంది. నిజం చెప్పాలంటే బావ దగ్గరా, నా దగ్గరా జవాబు లేదు. చివరికి పెద్దాయనే ఫోన్లో మాట్లాడి సర్దిచెప్పాడు. పాలరాయి పూజగదికి చేరింది, కారులో బొట్టుబిళ్లంత స్టిక్కరు, గేరు ముందున్న పల్లెంలో, ఎగరడానికేమీ లేకుండా. అక్క దానికే రోజూ ఒక మందారం పెడుతోంది. ఆ పువ్వు ఎండి గేరు సందులో పడి... అది ఇంకో కథ.

ఆఁ, అసలు రాయాల్సింది మర్చిపోయేలా ఉన్నా. డిసెంబరులో వచ్చినప్పుడు అద్దె కారు తీసుకుంటానన్నావు కదా. ఇక్కడ నువ్వు కూర్చునేది కుడివైపు, అక్కడ అలవాటైన చోట స్టాండు పెడితే అది ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగు మీద పడుతుంది, చూసుకో. జిగురుది తేకు, అద్దె కారువాళ్లు ఊరుకోరు. ఇసుక సంచీ అడుగున్నది, డ్యాష్‌బోర్డు మీద ఊరికే కూర్చునేది అక్కడ దొరుకుతుందిగా, అది ఒకటి పట్టుకురా. రెండైతే ఇంకా మంచిది, మా చిన్నది డ్రైవింగు నేర్చుకుంటానని గొడవ చేస్తోంది, దానికి

బావ వచ్చేశాడు, కింద హారన్ మోగుతోంది. పంపేస్తున్నా.

నీ
పొట్టి