నెత్తుటి రొట్టె, పిల్లాడి గొర్రెలు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "రైతుల పేరు మీద కమ్యూనిస్టు విప్లవం వచ్చిన చైనాలో రైతు గురించి అన్ని ఏడుపు కథలెందుకురా?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. రెండు రాత్రులు కూర్చుని చైనా రచయితలు లూ షున్ కథలు, యూ హువా నవల మళ్లీ చదివాను.

లూ షున్ 1919లో 'మందు' అనే కథ రాశాడు. టీ కొట్టు నడుపుకునే ఒక పేదాయన కొడుక్కి క్షయ. తెల్లారకముందే ఆయన వెండి నాణేలు పట్టుకుని తలలు నరికే చోటికి వెళ్తాడు. అప్పుడే చంపిన మనిషి నెత్తుట్లో ముంచిన రొట్టె తింటే జబ్బు తగ్గుతుందని నమ్మి, అది కొనుక్కొస్తాడు. దాన్ని తామరాకులో చుట్టి, పొయ్యిలో కాల్చి పిల్లాడికి పెడతారు. ఆ చచ్చినవాడు రాజరికం మీద తిరగబడ్డ విప్లవకారుడు, వీళ్లలాంటి వాళ్ల కోసమే పోయినవాడు! కొట్లో టీ తాగేవాళ్లకు మాత్రం వాడొక పిచ్చివాడు. పిల్లాడూ బతకడు. లూ షున్ సొంతూరు షావోషింగ్‌లో 1907లో చియు జిన్ అనే విప్లవకారిణి తల నిజంగానే నరికారు. చియు అంటే శరత్తు. కథలో చచ్చినవాడి ఇంటిపేరు షియా, అంటే వేసవి. ఆమెను తలచుకునే రాశాడు.

తర్వాత రాసిన 'ఆ క్యూ' కథ నీకూ తెలుసు. రాజరికాన్ని కూల్చిన 1911 విప్లవంలో చేరదామని ఆ క్యూ అనే కూలివాడు వెళ్తే, అప్పటికే చేరిపోయిన ఊరి పెద్దింటి అబ్బాయి వాణ్ని తరిమేస్తాడు. చివరికి చేయని దోపిడీకి వాణ్ని కాల్చేస్తారు. కాగితం మీద సంతకం బదులు సున్నా చుట్టమంటే, చెయ్యి వణికి అది పుచ్చగింజలా వస్తుంది. సున్నా గుండ్రంగా రాలేదని సిగ్గుపడతాడురా వాడు! మన ఊళ్లలో వేలిముద్రలు వేయించుకున్న కాగితాలు గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసేశాను.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది యూ హువా 1992లో రాసిన 'టు లివ్' (బతకడం) నవల. అందులో ఫుగుయ్ అనే రైతు కొడుకు యూచింగ్. బడికి వెళ్లే ముందూ వచ్చాకా గొర్రెలకు గడ్డి కోస్తాడు. చెప్పులు అరిగిపోతాయని చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో పరిగెత్తుతాడు. 1958లో కమ్యూన్ వచ్చింది, అంటే ఊళ్లో పొలాలూ పశువులూ అన్నీ ఉమ్మడి అయిపోయాయి. ఉక్కు తయారీ కోసం ఇంట్లో వంట కుండ కూడా పట్టుకుపోయారు, గొర్రెలూ పోయాయి. తర్వాత కరువు. ఆపైన జిల్లా అధికారి భార్యకు కాన్పులో రక్తం కావాల్సి వచ్చింది. పిల్లాడి రక్తం ఆమెకు ఎక్కించదగ్గ రకమని తేలింది. ప్రాణం పోయేదాకా తీశారు. ఆ అధికారి ఎవరో తెలుసా? యుద్ధంలో ఫుగుయ్‌తో కలిసి ఆకలికి మాడిన చున్‌షెంగ్. అతను చెడ్డవాడు కాడు, అదే నా బాధ.

'మందు'లో పేదవాడి బిడ్డ తెలియక విప్లవకారుడి నెత్తురు తిన్నాడు. ఇక్కడ కమ్యూనిస్టు విప్లవంతో పెద్దవాడైన మనిషి ఇంటి కోసం రైతు బిడ్డ నెత్తురు పోయింది. వీళ్లు విప్లవం మీద పగతో రాయలేదురా. రైతును ఎవరూ ఒక్క మాట అడగలేదని కడుపు మండి రాశారు.

జబ్బుతో ఉన్న భార్యకు తెలియకుండా ఫుగుయ్ కొడుకుని రాత్రికి రాత్రే తనే పూడ్చిపెడతాడు. పిల్లాడు పరిగెత్తిన దారి మీద ఆ తర్వాత వెన్నెల చూస్తే, ఉప్పు చల్లినట్టు ఉంటుంది.

పుస్తకం పంపిస్తున్నాను. చదివాక వెంటనే రాయి.

నీ,
రాము