రాపూరు రోడ్డు మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు

నిమ్మకాయల బస్తాలతో పొదలకూరు మార్కెట్‌కు వెళ్తుంటే మా పాత డీజిల్ ట్రక్కు మళ్లీ మొండికేసింది. కాసేపు బాగానే లాగుతుంది, ఎత్తు రాగానే ఊపు పోతుంది. డీజిల్ పంపు మార్చాలని ఇదివరకే ఒకరు బెదరగొట్టారు, అదో టెన్షన్.

రోడ్డు పక్క షెడ్డులో అన్నం తింటున్న ఒకన్న చెయ్యి కడుక్కుని వచ్చేశారు. ఫిల్టర్‌కు వెళ్లే నల్ల పైపు ఊడదీసి, లోపల కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి, "రేస్ చెయ్ తమ్ముడూ, ఇటు చూడు" అన్నారు. డీజిల్‌లో సన్నటి బుడగలు వరసగా పోతున్నాయి. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు బీటలిచ్చి గాలి పీలుస్తోందట, అందుకే ఊపు పోతోందట. పాడైన చివర కోసేసి, కొత్త క్లిప్పు వేసి, బుడగలు ఆగేదాకా చేత్తో పంపు కొడుతూనే ఉన్నారు.

క్లిప్పు డబ్బులే తీసుకున్నారు. "ముందు కాయ దించుకో, ఎండకు వాడిపోద్ది" అని తరిమినంత పని చేశారు. వేలానికి అందుకున్నాం అన్నా, చాలా థ్యాంక్స్. ఆ అన్నం మాత్రం చల్లారిపోయి ఉంటుంది.