ఫైబర్ రింగుకు రెండో దారి ఎక్కడ?

సంపాదకులకు నమస్కారాలు.

రోడ్డు విస్తరణకో, మురుగు కాల్వకో తవ్విన చోట ఫైబర్ కేబుల్ తెగడం, దాంతో పంచాయతీ కార్యాలయాలు, మీసేవా కేంద్రాలు, బ్యాంకు శాఖలు పని ఆపేసి కూర్చోవడం ఉత్తర తెలంగాణ వాసులకు అలవాటైపోయింది. అలా జరిగిన ప్రతిసారీ బ్యాండ్‌విడ్త్, అంటే లైను మోయగల సమాచార సామర్థ్యం, పెంచాలన్న డిమాండ్ వినిపిస్తుంది. టెలికాం రంగంలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, తెగిన కేబుల్‌కు ఎంత బ్యాండ్‌విడ్త్ ఉన్నా ఉపయోగం లేదు. మనం అడగవలసింది రెండో దారి గురించి, అవసరమైన క్షణంలో ట్రాఫిక్‌ను, అంటే లైన్లలో పోయే సమాచారాన్ని, ఆ దారిలోకి మళ్లించే ఏర్పాటు గురించి.

ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయల వ్యయంతో గ్రామ పంచాయతీలకు ఫైబర్ ఇంటర్నెట్ అందించే భారత్‌నెట్ కార్యక్రమాన్ని సవరించి ఆమోదించింది. పాత పద్ధతిలో బ్లాకు కేంద్రం నుంచి పంచాయతీకి ఒంటి లైను వెళ్లేది. కొత్త పద్ధతిలో పంచాయతీలను రింగుగా కలిపి, ట్రాఫిక్‌కు దారి చూపే యంత్రాలైన రౌటర్లను, అందులోనూ ఆ దారిని ముందే నిర్దేశించగల ఐపీ-ఎంపీఎల్ఎస్ రకాన్ని, అమర్చాలన్నది ఉద్దేశం. రింగులో ఒకచోట తెగినా రెండో వైపు నుంచి సేవ అందుతుంది కనుక ఇది సరైన నిర్ణయమే. అయితే రింగు అన్నది పటం మీద ఉంటే చాలదు.

రింగులోని రెండు వైపుల కేబుళ్లను ఖర్చు తగ్గుతుందని ఒకే కందకంలో వేస్తే, ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. వాగులు ఎక్కువగా ఉన్న ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 2023 జూలైలో మోరంచవాగు పొంగి ఊరినే ముంచెత్తిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాగు దాటడానికి ఒకటే వంతెన ఉన్నచోట రెండు కేబుళ్లూ ఆ వంతెననే పట్టుకుని దాటితే, వరద వచ్చిన రోజున, అంటే సమాచారం అత్యంత అవసరమైన రోజున, రింగు ఉన్నా లేనట్టే. రౌటర్లకు వాగులూ వంతెనలూ తెలియవు. ఏయే లైన్లు ఒకే చోట కలిసి తెగే అవకాశం ఉందో నేల మీద తిరిగి చూసిన మనిషే నమోదు చేయాలి. ఆ పని జరిగిందో లేదో అడిగితే జవాబు చెప్పగలవారు అరుదుగా కనిపిస్తారు.

చుట్టు తిరిగి వెళ్తే ఆలస్యమవుతుందన్న అభ్యంతరం తరచూ వింటాం. ఫైబర్ కేబుల్‌లోని గాజు తీగలో సమాచారాన్ని మోసే కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు జనగామ మీదుగా కాకుండా కరీంనగర్ మీదుగా వెళ్లవలసి వచ్చినా అదనంగా పడేది 100 కిలోమీటర్ల లోపే కనుక, ఆలస్యం పోవడానికి గానీ, తిరిగి రావడానికి గానీ అర మిల్లీసెకను (సెకనులో రెండు వేలవ వంతు) కూడా ఉండదు. దూరానికి భయపడి రెండో దారిని వదులుకోవడంలో అర్థం లేదు.

భయపడవలసింది రద్దీకి. రింగులో రెండు వైపులూ 70 శాతం చొప్పున నిండి ఉంటే, ఒకటి తెగిన క్షణాన మిగిలిన దానిమీద 140 శాతం భారం పడుతుంది. అంటే తెగిన చోటుకు ఎంతో దూరంలో ఉన్న ఊళ్లకు కూడా సేవ కుంటుపడుతుంది. అందుకని ఒక్కో వైపు సగానికి మించి నింపకుండా చూడాలి, లేదా ఏ ట్రాఫిక్‌ను ముందు వదులుకోవాలో, ఆసుపత్రి, పోలీసు, పింఛను లావాదేవీల్లో ఏది ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదో ముందే నిర్ణయించాలి.

మామూలు రోజుల్లో సైతం దారుల ఎంపిక దానంతటదే బాగుంటుందని అనుకోవద్దు. రౌటర్లు దారి ఎంచుకోవడానికి విరివిగా వాడే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి ప్రతి లైనుకు ఒక విలువ ఇచ్చి, మొత్తం విలువ తక్కువైన దారిని ఎంచుతుంది. దీని వెనుక ఉన్న, అతి తక్కువ విలువ దారిని కనుక్కునే డైక్‌స్ట్రా గణనవిధానం ప్రచురితమైంది 1959లో. చాలా రౌటర్లలో కంపెనీ పెట్టి పంపిన లెక్క ప్రకారం 100 మెగాబిట్ల లైనుకూ, దానికి వంద రెట్లు పెద్దదైన 10 గిగాబిట్ల లైనుకూ ఒకే విలువ పడుతుంది. దాన్ని ఎవరూ సరిదిద్దకపోతే పెద్ద లైను ఖాళీగా ఉండి చిన్న లైను కిక్కిరిసిపోవచ్చు. ఈ విలువలను ట్రాఫిక్ అంచనాను బట్టి సరిచేస్తే, కొత్త కేబుల్ ఏమీ వేయకుండానే, సాధ్యమైనంత మేలైన ఫలితానికి కొద్ది శాతం దూరంలోకి చేరవచ్చని ఫోర్ట్జ్, థోరప్ అనే పరిశోధకులు 2000లో ఒక అమెరికా నెట్‌వర్క్ మీద చూపించారు.

రద్దీని బట్టి యంత్రాలే క్షణక్షణం దారి మార్చుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అమెరికా నెట్‌వర్క్ ఆర్పానెట్‌లో ఆ ప్రయోగం జరిగింది. 1979 నుంచి ఆలస్యాన్ని కొలిచి దారి ఎంచే పద్ధతి పెడితే, భారం పెరిగినప్పుడు ట్రాఫిక్ అంతా ఒక్కసారిగా ఖాళీ దారికి ఎగబడి దాన్ని నింపడం, మళ్లీ వెనక్కి మళ్లడం జరిగేది. చివరకు 1987లో ఆ కొలతకు హద్దులు పెట్టవలసి వచ్చింది. మేడారం జాతరకు ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా, ప్రైవేటు వాహనాలను పస్రా మీదుగా అని ముందే విడదీయడంలో ఉన్న వివేకం ఇక్కడా అవసరం. ఏ రకం ట్రాఫిక్ ఏ దారిన పోవాలో నిర్దేశించే వీలు ఎంపీఎల్ఎస్‌లో ఉంది. ముందే సిద్ధం చేసిపెట్టిన ప్రత్యామ్నాయ దారికి సుమారు 50 మిల్లీసెకన్లలో మారగల ఏర్పాటూ ఉంది. కొన్న రౌటర్లలో ఆ సదుపాయాన్ని వాడుకలో పెట్టకపోతే ఖర్చు దండగ.

తవ్వే ముందు సమాచారం ఇవ్వడానికి 2023 మార్చిలో ప్రారంభించిన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్‌ను గుత్తేదారులందరూ వాడేలా చూడటం మంచిదే గానీ, దానివల్ల కేబుళ్లు తెగడం తగ్గుతుంది తప్ప రెండో దారి పుట్టదు.

కాబట్టి సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. ప్రతి రింగుకు రెండు వైపుల కేబుళ్లు ఏ రోడ్డు వెంట, ఏ వంతెన మీదుగా వెళ్తున్నాయో నమోదు చేసి, కనీసం జిల్లా యంత్రాంగానికైనా అందుబాటులో ఉంచాలి. ఏటా వానాకాలానికి ముందు, రద్దీ లేని రాత్రివేళ, రింగులో ఒక వైపును కావాలనే ఆపి, ఎన్ని పంచాయతీలకు సేవ నిలిచిందో, మారడానికి ఎంత సమయం పట్టిందో కొలిచి ప్రకటించాలి. కొలతల్లో సాయపడగల అధ్యాపకులు, విద్యార్థులు వరంగల్‌లోనే ఉన్నారు. ఈ పరీక్షలో నెగ్గని రింగును పూర్తయిన పని కింద లెక్కించకుండా, గుత్తేదారుకు చివరి బిల్లు ఆపే నిబంధనను ఒప్పందంలోనే చేర్చాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలికాం ఇంజనీరు,
హనుమకొండ.