పరీక్ష పెట్టేవారే పని నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాలు కట్టే సంస్థలు మంచి వెల్డర్లు దొరకడం లేదని ఏళ్ల తరబడి వాపోతున్నాయి. నేను వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాను. పైపు జాయింట్ల ఎక్స్‌రే ఫిల్ములు చూసి, ఏది ఉంచాలో ఏది కోసి మళ్లీ చేయించాలో చెప్పడమే నా ఉద్యోగంగా ఉండేది. వెల్డర్లు దొరకడం లేదన్నది నిజమే. వాళ్లను తయారు చేయాల్సిందెవరు అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం సంస్థలు మాట దాటవేస్తాయి. ఆ బాధ్యత వాటిదేనని నా గట్టి అభిప్రాయం.

సైటు గేటు దగ్గర జరిగేది బయటివారికి అంతగా తెలియదు. పనికోసం వచ్చిన కుర్రవాడికి 45 డిగ్రీల వాలులో బిగించిన పైపు ముక్క ఇస్తారు. దాన్ని 6జీ పరీక్ష అంటారు. పైపును తిప్పకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ, అడుగున మొదలుపెట్టి, పక్క నుంచి పైకి వచ్చి ముగించాలి. ఫిల్ము సరిగా రాకపోతే మర్నాడు సంచి సర్దుకోవాల్సిందే. ఎక్కడ తప్పిందో అతనికి చెప్పేవాడు ఉండడు. ఫిల్ము మాత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది. చదవడం తెలిసినవాడికి ఆ కుర్రవాడి చేయి ఎక్కడ తడబడిందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. జాయింట్ అడుగున నడిమి వెంట నల్లని మసక చార ఉంటే, అక్కడ రూట్ (జాయింట్‌లో మొట్టమొదట వేసే అడుగు పొర) గుంటలా లోనికి లాక్కుపోయిందన్నమాట. ట్యాకు (పైపులను కదలకుండా పట్టి ఉంచేందుకు ముందు వేసే చిన్న అతుకు) ఉన్నచోట సన్నని నల్లగీత ఉంటే, ట్యాకు కొసలను గ్రైండర్‌తో పలచగా అరగదీయకుండానే దాని మీదికి వెళ్లాడేమోనని అనుమానించాలి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫిల్ము చూపిస్తే అంతకు మించిన పాఠం ఉండదు. గేటు దగ్గర ఆ పని చేసినవారిని నేను చాలా అరుదుగా చూశాను.

ఒక సైటులో మాత్రం నేర్పే పద్ధతి కళ్లారా చూశాను. మోకాళ్ల నొప్పులతో పరంజా ఎక్కలేకపోతున్న పాత వెల్డర్ ఒకరికి నాలుగు శిక్షణ బూత్‌లు (వెల్డింగ్ సాధన చేసే చిన్న గదులు) అప్పగించారు. ఆయన మొదట్లో కుర్రవాళ్లను ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మంట) వెలిగించనిచ్చేవారు కాదు. వెలిగించని వెల్డింగ్ టార్చి చేతికిచ్చి, పైపు కింద కూర్చోబెట్టి, అడుగు నుంచి నడుము దాకా మణికట్టు ఆగకుండా తిరిగేవరకు ఉత్తినే తిప్పించేవారు. మోచేయి ఎక్కడ ఆనాలో, మోకాలు ఎక్కడ ఉండాలో ముందే తేల్చేవారు. రూట్ వేశాక ఫిల్ము కోసం ఆగకుండా పైపును నిలువుగా కోయించి, లోపలి అంచు మీద వేలు రాసి చూడమనేవారు. ఎత్తుపల్లాలు వేలికే తెలిసిపోయేవి. బాయిలర్ ట్యూబుల మధ్య చేయి మాత్రమే పట్టే చోట అద్దంలో చూస్తూ వెల్డింగ్ చేయాలి. అద్దంలో దిశ తారుమారవుతుంది కనుక కన్ను ఒకటి చెబితే చేయి ఇంకోటి చేస్తుంది. ఆయన దాన్నీ బూత్‌లోనే, ట్యూబుల మధ్య అంతే సందు ఉండేలా కట్టించి నేర్పారు. సంస్థ ఆయనకు ఇచ్చినవి పైపు తెగముక్కలు, గ్యాసు, ఫిల్లర్ వైరు, కాస్త సమయం. అక్కడ రిపేరు జాయింట్లు తగ్గడం నేను రోజూ చూసే ఫిల్ముల్లోనే కనిపించింది.

శిక్షణ సంస్థలో పలక మీద నేర్చినది సైటులో ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది. గాలి వీస్తే, కరిగిన లోహానికి రక్షణగా ఉండే ఆర్గాన్ వాయువు చెదిరిపోతుంది. అధిక వేడిని తట్టుకునే పీ91 ఉక్కు అయితే వెల్డింగుకు ముందు 200 డిగ్రీల దాకా వేడి చేయాలి, తర్వాత 760 డిగ్రీల ప్రాంతంలో వేడిచికిత్స జరగాలి. 7018 రాడ్డు (వెల్డింగులో కరిగి అతుకయ్యే పూత కడ్డీ) తేమ పీల్చుకుంటే ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, జాయింట్ చల్లారాక పగుళ్లు వస్తాయి. ఏ ప్రాజెక్టులో ఏ ఉక్కు వాడతారో, ఎంత సందులో పని చేయించాలో యజమానికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. వెల్డర్ల అర్హతకు చాలా దేశాల్లో వాడే, అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) నియమావళిలోని సెక్షన్ 9 కూడా పరీక్షించి అర్హత నిర్ధారించే బాధ్యతను పని చేయించే సంస్థ మీదే పెట్టింది. అర్హత పొందిన పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య వెల్డర్లను ఇంటికి పంపేసి, తర్వాత దొరకడం లేదంటే ఎలా?

నేర్పితే పక్క సంస్థ ఎగరేసుకుపోతుందనే భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కాదు. దానికి బ్రిటన్‌లో 1964 నాటి పారిశ్రామిక శిక్షణ చట్టం ఒక దారి చూపింది. శిక్షణ బోర్డు ఉన్న రంగంలోని యజమానులు శిక్షణ సుంకం కడతారు, నేర్పిన సంస్థలకు అందులోంచి సాయం అందుతుంది. ఇంజనీరింగ్ నిర్మాణ రంగానికి అక్కడ 1991 నుంచి ప్రత్యేక బోర్డే ఉంది. నేర్పనివాడు కూడా ఖర్చు పంచుకోవాల్సి వస్తే ఎగరేసుకుపోవడం వల్ల లాభం తగ్గుతుంది.

ఇంకొక్క మాట. శిక్షణ బూత్‌ల్లో పొగ లాగే గొట్టాలు లేకపోతే ఆ శిక్షణ నాకు వద్దు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చింది. ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల ఊపిరితిత్తులు పణంగా పెట్టి కొరత తీర్చుకోకూడదు. నేర్చుకునే రోజులకు మొదటి రోజు నుంచే కూలి ఇవ్వాలి. లేకపోతే ఇల్లు గడవాల్సిన కుర్రవాడు మధ్యలోనే మానేసి హెల్పర్ పనికి వెళ్లిపోతాడు.

ప్రాజెక్టు సొంతదారులకు నా విన్నపం. టెండర్ పత్రంలో రేడియోగ్రఫీకి, రంగుకు, పరంజాకు విడి పద్దులు పెడుతున్నారు. వెల్డర్ల శిక్షణకూ ఒక పద్దు పెట్టండి. పైపులు సైటుకు చేరేలోపే బూత్‌లు నడుస్తున్నాయో లేదో మీ ఇన్‌స్పెక్టర్‌ను పంపి చూడండి.

- ఒక విశ్రాంత వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్